పాత ఇనుము మీద కొత్త గాడి

ఆరడుగుల టేకు పట్టీకి నిలువునా పావంగుళం గాడి తీయాలనుకోండి. అల్మారా వెనక ప్లైవుడ్ దూరడానికో, కిటికీ రెక్కలో అద్దం కూర్చోవడానికో అట్లాంటి గాడి లేకుండా పని జరగదు. వెనకటి వడ్లాయన ఆ ఒక్క పనికే సన్నని గాడి రందా విడిగా దాచుకునేవాడు. దాన్ని తోసి తోసి సాయంత్రానికి చేతులు పట్టేసేవి. ఇప్పుడు రూటర్ మిషన్ వచ్చింది, నిమిషంలో గాడి పడుతుంది. కాకపోతే పట్టీ వెడల్పు అంగుళమున్నరే. దాని మీద నాలుగైదు కిలోల మిషన్ నిలబడాలి, ఒరగకుండా ఆరడుగులు నడవాలి. ఇసుమంత ఒరిగినా గాడి వంకరే. పట్టీ కదలకుండా శిగంజాలు బిగిస్తే అవే మిషన్‌కు అడ్డం పడతాయి.

ఆ మిషన్‌నే బోర్లించి బల్ల కింద బిగించి, కోసే బిట్టు మాత్రం బల్ల పైకి తేలేట్టు పెడితే ఈ తిప్పలు పోతాయి. మిషన్ ఉన్నచోటే ఉంటుంది, కట్టెను మనం తోస్తాం. రూటర్ టేబుల్ అంటే ఇదే. చదునైన బల్ల ఒకటి, కట్టె ఆనుకుని నడవడానికి తిన్నని అడ్డుపట్టీ ఒకటి, బిట్టును పైకీ కిందికీ జరిపే మర ఒకటి ఉంటే చాలు. అడ్డుపట్టీని పనివాళ్లు ఫెన్సు అంటారు, మనమూ అదే మాట వాడదాం.

బజారులో తయారు టేబుళ్లు దొరుకుతాయి. చవకవి రేకుతోనో పలచని అల్యూమినియంతోనో చేస్తారు. మిషన్ ఆన్ చేయగానే బల్లంతా వణుకుతుంది, ఆ వణుకు కోతలోకి దిగి కట్టె మీద అలల్లాగా గీతలు పడతాయి. వణకనివి కావాలంటే బరువు కావాలి, ఆ బరువు కొత్తగా కొనాలంటే ఖరీదు ఎక్కువ. పాత ఇనుముతో పని పడేది ఇక్కడే.

నల్లగొండ జిల్లా హాలియా లాంటి ఊళ్లో పాత ఇనుముకు కొదవలేదు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగింది, వరి వెంట రైసు మిల్లులు వచ్చాయి. తర్వాత పాత హల్లర్ మిల్లుల చోట రబ్బరు రోలర్ల మిల్లులు వచ్చాయి, డీజిల్ ఇంజన్ల చోట కరెంటు మోటార్లు వచ్చాయి. పక్కకు జరిగిన సామానంతా ఏమవుతుంది? పునాదిలో బోల్టులతో దిగేసిన మందపాటి బేస్ ప్లేట్లు, పొడుగు ఇరుసులు, కప్పీలు, స్టార్టర్లూ మీటర్లూ బిగించిన నల్లటి హైలం (బేకలైట్) పలకలు చివరికి పాత ఇనుప సామాన్ల దుకాణంలో కాంటా ఎక్కుతాయి. అక్కడ వాటికి బరువు లెక్కే తప్ప పనితనం లెక్క లేదు. చదును చేసిన పోత ఇనుప పలకకూ విరిగిన మూతకూ కిలో ధర ఒక్కటే. చూసే కన్నున్నవాడికి లాభం అక్కడుంది.

ఇట్లా పాతదాంట్లోంచి కొత్తది పుట్టించడం రూటర్ పుట్టుకలోనే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోని సిరక్యూస్‌లో ఆర్.ఎల్. కార్టర్ అనే ఆయన పోత అచ్చులకు చెక్క నమూనాలు చేసేవాడు. జుట్టు కత్తిరించే కరెంటు మిషన్‌లోని వర్మ్ గేరును నూరి కోసే బిట్టుగా మార్చి, దాన్ని మోటారు ఇరుసుకు బిగించాడు. చేత పట్టుకుని నడిపే కరెంటు రూటర్ అట్లా బజారుకెక్కింది, 1929లో ఆ వ్యాపారాన్ని స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. అంత దూరం ఎందుకు, మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం ఉన్నారు. బడి చదువు మధ్యలో ఆగిపోయినా, చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే ఆసు పనితో అమ్మకు వచ్చే భుజాల నొప్పి చూడలేక, ఆ ఆసు పోసే యంత్రాన్ని ఒక్కో భాగం కూర్చుకుంటూ ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాకు ఆయన పనిలో నచ్చేది ఇది: ఆసుకు ముందు ఏ కదలిక కావాలో తేల్చుకుని, ఆ కదలికను ఇచ్చే భాగం కోసం వెతికారు. మనమూ అట్లాగే అడగాలి. రూటర్ టేబుల్‌కు పాత ఇనుము ఏం ఇవ్వగలదు, ఏం ఇవ్వలేదు?

ఇవ్వలేనిది ముందు చెప్తాను, ఎందుకంటే ప్రాణం మీదికి తెచ్చుకునేది అక్కడే. పాత ఇనుము వేగం ఇవ్వలేదు.

రూటర్ బిట్టు నిమిషానికి పదివేల నుంచి పాతిక వేల చుట్ల దాకా తిరగాలి. మిల్లు మోటారు ఆ వేగానికి దరిదాపుల్లో కూడా రాదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారి తిరిగొస్తుంది. ఆ లెక్కన రెండు ధ్రువాల ఇండక్షన్ మోటారు ఎంత మంచిదైనా నిమిషానికి 3000 చుట్లు దాటదు, బరువు పడితే 2880 దగ్గర ఆగుతుంది. నాలుగు ధ్రువాలదైతే 1440. కప్పీలు పెట్టి పెంచుదామంటే 2880ని 20 వేలు చేయడానికి ఏడింతలు కావాలి. మోటారు మీద 14 అంగుళాల కప్పీ, ఇరుసు మీద రెండంగుళాలది. అప్పుడు బెల్టు సెకనుకు 53 మీటర్లు పరుగెత్తాలి. మామూలు వి-బెల్టుకు 30 మీటర్లే ఎక్కువ. మిల్లు ఇరుసును మోసిన బ్లాకు బేరింగులు కూడా నెమ్మదిగా తిరిగే పెద్ద బరువులకు చేసినవే.

మరి మిక్సీ మోటారు? అది 18, 20 వేల చుట్లు తిరుగుతుంది కదా అని చాలామందికి ఆశ పుడుతుంది. తిరిగే మాట నిజమే. కానీ మిక్సీలో ఇరుసును మోసేవి చాలా వరకు చిన్న బుష్షులు. జారులో పప్పు తిరిగినప్పుడు ఇరుసు మీద పక్క ఒత్తిడి పెద్దగా ఉండదు. కట్టెను తోసినప్పుడు ఒత్తిడంతా పక్క నుంచే వస్తుంది. పైగా అది ఐదు నిమిషాలు తిప్పి రెండు నిమిషాలు ఆపాల్సిన మోటారు. డ్రిల్లు మిషన్ చక్కులో రూటర్ బిట్టు బిగించడం కూడా ఇంతే ప్రమాదం. చక్కు నిలువు ఒత్తిడికి చేసింది, పక్క ఒత్తిడికి వదులవుతుంది. రూటర్‌లో బిట్టు కాడను చుట్టూ సమానంగా నొక్కి పట్టే చీలికల బుష్షు ఉంటుంది, దాన్ని కాలెట్ అంటారు. సరిగా బిగిస్తే పక్క ఒత్తిడికి బిట్టు దాంట్లోంచి తేలిగ్గా జారదు.

వేగం అంటే ఏమిటో ఒక లెక్కతో చూడండి. అరంగుళం బిట్టు 22 వేల చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు 14 మీటర్ల పైచిలుకు పోతుంది. అదే వేగంతో 50 మిల్లీమీటర్ల పెద్ద బిట్టు తిరిగితే దాని అంచు 57 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంతో బిట్టు ముక్క విరిగి వచ్చిందంటే తప్పించుకునే వ్యవధి ఉండదు. అందుకే పెద్ద బిట్టుకు వేగం పది పన్నెండు వేలకు తగ్గించాలి. కాబట్టి రూటర్‌ను మాత్రం వేగం మార్చుకునే వీలున్నది, మంచి కంపెనీది చూసి కొనండి. కాడ పావంగుళమే కాకుండా అరంగుళం బిట్లు కూడా పట్టేదైతే మేలు, లావు కాడ వణకదు. ఈ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు. మిగతా అంతా కాంటా మీద తూచి తెచ్చుకోవచ్చు.

ఇక బల్ల. నా దృష్టిలో ఈ పనికంతటికీ గుండె ఇదే. పోత ఇనుముకు మించింది లేదు, పనివాళ్ల మాటలో బీడు. దాంట్లో నూటికి రెండు నుంచి నాలుగు వంతుల దాకా కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైట్ పొరలుగా ఇనుము మధ్య పరుచుకుని ఉంటుంది. వణుకు వచ్చినప్పుడు ఈ పొరలు దాన్ని మింగేస్తాయి. బీడు పలకను సుత్తెతో కొట్టి చూడండి, 'టప్' అని మొద్దుగా అణగిపోతుంది. మెత్తటి ఉక్కు పలకైతే గంటలా ఖంగుమంటుంది. మనకు మోగనిది కావాలి. ఇంకో గుణం వయసు వల్ల వస్తుంది. కొత్తగా పోసిన బీడులో లోపల లాగుడు ఉండి, చదును చేశాక కూడా కొద్ది కొద్దిగా వంగుతుంది. మిల్లులో ఏళ్ల తరబడి ఎండా వేడీ తిన్న పలకలో ఆ లాగుడు కొంత తీరిపోయి ఉంటుంది.

దుకాణంలో ఏం వెతకాలి? ఒకవైపు మెషినింగ్ చేసిన పలక వెతకాలి. పాత రందా మిషన్ బల్ల, కోత మిషన్ బల్లకు పక్కన తగిలించే రెక్క, మోటారు కూర్చున్న బేస్ ప్లేటు అన్నీ పనికొస్తాయి. 600 మిల్లీమీటర్ల పొడుగు, 400 వెడల్పు, 12 మందం ఉన్న పలక 20 కిలోల పైన తూగుతుంది, మన పనికి సరిగ్గా సరిపోతుంది. కింద పక్కటెముకల్లాంటి కమ్ములున్నదైతే ఇంకా మంచిది. వెల్డింగు మచ్చలున్నదాన్ని వదిలేయండి. బీడును వెల్డింగు చేస్తే పక్కనే పగులు పుట్టే గుణం ఉంటుంది. మీరు కూడా దానికి వెల్డింగు జోలికి పోకండి, ఏది తగిలించినా రంధ్రం చేసి మరచుట్టు కోసి బోల్టుతోనే.

తుప్పు చూసి భయపడాల్సిన పని లేదు. కిరోసిన్ పోసి తీగ బ్రష్షుతో రుద్దితే పై తుప్పు పోతుంది, ఆ తర్వాత ఎమరీ కాగితం. గుంటలు మిగిలినా నష్టం లేదు, కట్టె గుంటల మీద కూడా జారిపోతుంది. ఎత్తులే ప్రమాదం. ఎత్తులు పట్టడానికి వడ్లాయన జాజునే వాడుకోవచ్చు. వంటింటి బండకు సింకు కోసినప్పుడు మిగిలిన నున్నటి గ్రానైట్ ముక్క తీసుకుని, జాజును కొద్దిగా నూనెలో కలిపి దాని మీద పొగమంచంత పలచగా పూయండి. పలకను బోర్లించి దాని మీద అటూ ఇటూ రుద్దండి. ఎత్తున్న చోటే ఎరుపు అంటుతుంది. ఆ మచ్చల్నే ఆకురాయితో రాపిడి చేసి మళ్లీ రుద్ది చూడండి. మచ్చలు నాలుగు మూలలా, నడుమా చిన్నచిన్నగా పరుచుకుంటే చాలు. పెద్ద వర్క్‌షాపుల్లో ఇదే పని నీలం రంగుతో చేస్తారు.

నడుమ రూటర్ దూరే కిటికీ కోయాలి. గీత గీసుకుని దాని వెంబడి దగ్గర దగ్గరగా రంధ్రాలు చేసి, మధ్య సందులను గ్రైండరుతో కోసి, ఆకురాయితో సరిచేయాలి. బీడుకు డ్రిల్లు వేసేటప్పుడు నూనె అక్కరలేదు, దాంట్లోని గ్రాఫైటే జారుడునిస్తుంది. మూలలు మాత్రం పదునుగా కోయొద్దు, గుండ్రంగా ఉంచండి. పదును మూల దగ్గరే బీడు పగులుతుంది.

ఆ కిటికీలో రూటర్‌ను మోసే పలక వేరే ఉండాలి, బిట్టు మార్చేటప్పుడు మొత్తం పైకి తీసుకోవడానికి. దీనికి నాకు తెలిసినంతలో పాత స్టార్టర్ బోర్డుల హైలం పలకను మించింది లేదు. పది పన్నెండు మిల్లీమీటర్ల మందం, వంగదు, కరెంటు పారదు, చక్కగా రంపానికి తెగుతుంది. విదేశాల్లో రూటర్ టేబుళ్లకు అమ్మే నల్ల పలకల్లో చాలావాటిది ఇదే జాతి. ఒక హెచ్చరిక మాత్రం మరవొద్దు. పాత బోర్డుల్లో కొన్ని ఆస్‌బెస్టాస్‌వి. బూడిద రంగులో సిమెంటు రేకులా ఉండి, విరిగిన అంచున పీచు కనపడితే దాన్ని కోయొద్దు, రంధ్రం చేయొద్దు, ఇంటికే తేవొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

హైలం పలక కూర్చోవడానికి కిటికీ అంచుల్లో మెట్టు చెక్కనక్కర లేదు. కింద నాలుగువైపులా చిన్న ఇనుప పట్టీలు బోల్టులతో బిగించి, వాటి మీద పలక ఆనేట్టు చేయండి. నాలుగు మూలలా ఒక్కో గ్రబ్ స్క్రూ పెడితే, తిప్పుతూ పలకను బల్లతో సమానం చేసుకోవచ్చు. వేలిగోటితో అంచు మీదుగా గీరితే ఎటువైపు నుంచీ తగలకూడదు.

బిట్టును లేపే మరకు మన ప్రాంతం రైతుకు వివరం చెప్పనక్కర లేదు. కాలువ తూము మీద షట్టరు తిప్పినవాళ్లు దాన్ని ఇప్పటికే చేశారు. చక్రం తిప్పితే మరల కడ్డీ తిరుగుతుంది, షట్టరు వెంట్రుకవాసిగా లేస్తుంది. ఎం16 మరల కడ్డీకి ఒక చుట్టుకు రెండు మిల్లీమీటర్లు లేస్తుంది, పావు చుట్టుకు అర మిల్లీమీటరు. మారుతి కారు టైరు మార్చే కత్తెర జాకీ పాతది దొరికితే, రూటర్ కింద పెట్టి అదే పని చేయించుకోవచ్చు. కాకపోతే జాకీకి చుట్టు చుట్టుకూ లేచే ఎత్తు మారుతుంది, కాబట్టి చుట్ల లెక్క నమ్మకుండా ప్రతిసారీ స్కేలుతో చూసుకోవాలి. ఏదైనా సరే, చివరి కదలిక ఎప్పుడూ పైకే ఉండాలి. ఎక్కువ లేస్తే బాగా కిందికి దించి మళ్లీ లేపుకు రావాలి. పాత మరల్లో సందు ఉంటుంది. దించుతూ ఆపితే ఆ సందు తెరిచే ఉంటుంది, మిషన్ వణుకుకు బిట్టు అక్కడి నుంచి ఇంకాస్త జారుతుంది.

ఫెన్సు సంగతిలో కొత్తవాళ్లు అనవసరంగా కష్టపడతారు. రంపం బల్ల మీదైతే ఫెన్సు రంపపు బిళ్లకు సమాంతరంగా ఉండి తీరాలి. రూటర్ బిట్టు గుండ్రం. అన్నివైపుల నుంచీ అది ఒకటే. కాబట్టి ఫెన్సు దేనికీ సమాంతరంగా ఉండనక్కర లేదు, తిన్నగా ఉంటే చాలు. ఒక చివర బోల్టుతో బిగించి, రెండో చివరను తలుపులా అటూ ఇటూ జరపండి. బిట్టు సరిగ్గా నడుమ ఉంటే, చివర రెండు మిల్లీమీటర్లు జరిపితే బిట్టు దగ్గర ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది. సన్నని కొలతలకు ఇంతకంటే సులువైన ఉపాయం లేదు. పాత ఇల్లు కూల్చినచోట దొరికే టేకు దర్వాజ కమ్మి దీనికి చాలా బాగుంటుంది. ఏళ్లుగా ఆరిన కట్టె సులువుగా వంగదు. బల్లకు నిలువుగా ఉందో లేదో గుణ్యాతో చూసి, నడుమ బిట్టుకు చోటు కోసుకోండి.

కాళ్లకు పెద్దగా ఆలోచించనక్కర లేదు. రెండంగుళాల ఎల్ యాంగిల్ పాతది తెచ్చి ఫ్రేము కొట్టించండి. పలక చిన్నదైతే పాత కుట్టు మిషన్ బీడు స్టాండు కూడా మోస్తుంది. నిలబడి పనిచేసే మనిషికి బల్ల 34 నుంచి 36 అంగుళాల ఎత్తు ఉండాలి, కుట్టు మిషన్ స్టాండు అంతకంటే పొట్టిది, కింద దిమ్మెలు పెట్టుకోవాలి.

స్విచ్చి గురించి ఆగి చెప్పాలి. రూటర్ బల్ల కింద ఉంటుంది, దాని స్విచ్చి మీ చేతికి అందదు. కరెంటు పోయి, మీరు బిట్టు మార్చడానికి వంగినప్పుడు మళ్లీ వస్తే? బోరు మోటారు నడిపిన ప్రతి రైతుకూ దీని జవాబు తెలుసు. స్టార్టర్ డబ్బాలో నో-వోల్ట్ కాయిల్ ఉంటుంది, కరెంటు పోగానే వదిలేస్తుంది. వచ్చాక పచ్చ బొత్తాం నొక్కితే తప్ప మోటారు లేవదు. దాన్ని తప్పించడానికే కదా ఆటో స్టార్టర్లు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు వాటిని తీసేయమని ఊరూరా చెప్పారు. మన బల్లకు ఆటో లేని పాత స్టార్టరే కావాలి. త్రీ ఫేజ్‌ది దొరికితే దాంట్లో 415 వోల్టుల కాయిల్ ఉంటుంది. అది తీసి 240 వోల్టులది వేయించాలి, ఓవర్‌లోడ్ రిలే మీ రూటర్ ఆంపియర్లకు తగ్గట్టు పెట్టించాలి. 1650 వాట్ల రూటర్ దాదాపు ఏడు ఆంపియర్లు లాగుతుంది. ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, మొత్తం ఇనుప బల్లకు ఎర్తు తీగ తప్పకుండా వేయించండి. ఎర్ర బొత్తాం మోకాలికి తగిలేచోట పెట్టుకుంటే రెండు చేతులూ కట్టె మీదే ఉంచి మిషన్ ఆపొచ్చు.

నడిపేటప్పుడు దిక్కు తప్పకూడదు. బోర్లించిన రూటర్‌లో బిట్టు, పై నుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. మీవైపున్న దాని అంచు ఎడమ నుంచి కుడికి పోతుంది. కాబట్టి కట్టెను కుడి నుంచి ఎడమకు, దానికి ఎదురుగా తోయాలి. అప్పుడు బిట్టు కట్టెను ఫెన్సు వైపు నొక్కుతుంది, మీ చేతికి బిగువు తెలుస్తుంది. ఎడమ నుంచి తోస్తే బిట్టు కట్టెను లాక్కుని విసిరేస్తుంది, దాని వెంట చెయ్యి కూడా పోతుంది. ఫెన్సుకూ బిట్టుకూ నడుమ సందులో ఎప్పుడూ కట్టె దూర్చకండి, అక్కడ దిక్కు తారుమారవుతుంది. ఒక్కసారికి మూడు మిల్లీమీటర్ల లోతు మించొద్దు. బిట్టు కాడను కాలెట్ అడుగుదాకా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించండి. అడుగున తగిలి ఉంటే బిగింపు సరిగా పట్టదు. చేతి తొడుగులు వద్దు, భుజం మీద తువ్వాల అసలే వద్దు. చివరి జానెడు కట్టెను వేళ్లతో కాకుండా కర్రముక్కతో తోయండి.

దుమ్ముకు ముక్కుగుడ్డ సరిపోదు, మంచి మాస్కు పెట్టుకోండి. కట్టె దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. మిల్లుల్లో ఊకనూ దుమ్మునూ విడదీసే గరాటు ఆకారపు సైక్లోన్ చిన్నది దొరికితే ఫెన్సు వెనక పైపు పెట్టి వ్యాక్యూమ్‌కు కలపొచ్చు.

అన్నీ బిగించాక బల్ల మీద మైనం రుద్ది గుడ్డతో తుడవండి. నూనె పూస్తే కట్టెకు అంటి, తర్వాత పాలిష్ పట్టదు. వేప ముక్క ఒకటి, రెండడుగులది, తీసుకుని గాడి తీయండి. ముక్క అంచు నుంచి గాడి ఎంత దూరం ఉందో రెండు చివరలా కొలవండి. తేడా ఉంటే ఫెన్సు చివరి బోల్టు జారింది. దూరం సరిగానే ఉండి లోతులో తేడా వస్తే, లేపే మర వణుకుకు తిరుగుతోంది. దాని మీద ఇంకో నట్టు వేసి బిగించి, కొత్త ముక్కతో మళ్లీ తీసి చూడండి.